గని నుండి గ్రంథాలయమునకు : చెస్టర్ బీటీ జీవితకథ

భూమిలోనుండి ధనము తీయుట ఒక విద్య. తీసిన ధనముతో ఏమి చేయవలెనో ఎరుగుట మరియొక విద్య. మొదటి విద్య నేర్చినవారు లోకములో చాలమంది కలరు. రెండవది నేర్చినవారు బహు తక్కువ. ఈ రెండు విద్యలను ఒక జీవితములోనే అభ్యసించిన వ్యక్తిని గురించి నేడు ముచ్చటింతము. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ చెస్టర్ బీటీ. పుట్టినది అమెరికాలో, వ్యాపారము నడిపినది లండనులో, గనులు త్రవ్వించినది ఆఫ్రికాలో, గ్రంథములను, చిత్రములను సేకరించినది ఈజిప్టు మొదలు జపాను వరకు, తుదకు వానిని అప్పగించినది ఐర్లండు ప్రజలకు.

ఎక్కడి బీటీ, ఎక్కడి నస్పూరు అని కొందరు శ్రోతలకు తోచవచ్చును. గని కూత విని గడియారము సరిచూచుకొను ఊళ్లు మనవి. నస్పూరు, శ్రీరాంపూరు, మందమర్రి, గోదావరిఖని వాసులకు గని అన్నది పత్రికలోని వార్త కాదు, ఇంటిలోని సంగతి. ఒక షిఫ్టు వారు బాయి దిగునప్పుడు మరియొక షిఫ్టు వారి ఇండ్లలో పొయ్యి వెలుగును. నేలలోనుండి వచ్చిన సంపద ఎవరి చేతికి పోయినది, తిరిగి ఎవరికి అందినది, నడుమ ఎవరు ఏమి చెల్లించినారు అను ప్రశ్నలు మనకు తెలియనివి కావు. బీటీ జీవితము ఈ ప్రశ్నలను మరియొక దేశపు వెలుతురులో చూపును.

ఆయన 1875 ఫిబ్రవరి 7వ తేదీన న్యూయార్కు నగరములో జన్మించినాడు. కలవారి కుటుంబము. ముగ్గురు అన్నదమ్ములలో కడపటివాడు. చిన్నతనముననే ఆయనకు రెండు వ్యసనములు పట్టుకొన్నవి. ఒకటి రంగురాళ్లను పోగుచేయుట, రెండవది చీనాదేశపు నస్యపు బుడ్లను సేకరించుట. పదేండ్ల ప్రాయమున వేలముపాటకు పోయి గులాబి వన్నె కాల్సైటు రాతిముక్కకు పది సెంట్లు పాడినాడని చెప్పుదురు. రాతిని చూచి విలువ కట్టుట, అందమును చూచి ముచ్చటపడుట అను రెండు గుణములును ఆ బాలునిలో అప్పుడే కలిసియున్నవి.

1898లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన గనుల విద్యాలయము నుండి పట్టము పుచ్చుకొన్నాడు. తండ్రి సొమ్ముతో న్యూయార్కులోనే సుఖముగ స్థిరపడవచ్చును. కాని పడమటికి, కొలరాడో కొండలలోని డెన్వరు పట్టణమునకు పోయినాడు. అక్కడ దొరికిన మొదటి పని ఇంజనీరు పని కాదు. సొరంగములో పేల్చిన రాతిని పారతో ఎత్తిపోయుట! మన బొగ్గుబాయిలలో తట్టా చెమ్మస్ పని ఎట్టిదో ఇదియు అట్టిదే. కూలి గంటకు పాతిక సెంట్లు. తరువాత కొలదికాలమునకే మేస్త్రీ పనికి, అటుపై నిర్వహణకు ఎదిగినాడు. కాని ఆ తొలినాళ్ల రాతిధూళి ఆయన ఊపిరితిత్తులలో నిలిచిపోయినది.

సిలికోసిస్ అను వ్యాధి పేరు గనిప్రాంతముల వారికి కొత్త కాదు. రాతిలోని సిలికా కణములు కంటికి కనబడనంత సన్ననివై శ్వాసతో లోనికి పోవును. ఊపిరితిత్తులు వానిని బయటకు నెట్టలేక, చుట్టును గట్టిపడి, క్రమముగ మచ్చలుపడి బిగుసుకొనును. పోయిన శక్తి తిరిగి రాదు. బీటీ ఎంత కోటీశ్వరుడైనను ఈ ధూళి బాధను జీవితాంతము మోసినాడు. చలికాలమున లండనులో ఉండలేక ఈజిప్టు ఎండలకు పోవుట ఇందువలననే. ఆయన గ్రంథసేకరణకు ఆ ఈజిప్టు ప్రయాణములే ప్రధాన కారణమైనవి. ఆ మహాగ్రంథాలయమునకు మూలము వెదకినచో ఒక కొస డెన్వరు సొరంగములోని రాతిధూళిని తాకును.

1903లో ప్రసిద్ధ గనుల ఇంజనీరు జాన్ హేస్ హామండునకు సహాయకుడుగ గుగెన్‌హైమ్ కంపెనీలో చేరినాడు. రాగి, వెండి, బంగారు గనులను పరిశీలించి, కొనదగినదేదో, విడువదగినదేదో చెప్పుట పని. ముప్పది ఏండ్లు దాటునప్పటికే లక్షాధికారి అయినాడు. ఇంతలో ఇంటిలో పిడుగు పడినది. 1911లో టైఫాయిడు జ్వరముతో భార్య గ్రేస్ మరణించినది. ఇద్దరు పసిపిల్లలు. ఆరోగ్యము అంతంతమాత్రము. ఆ మరుసటి ఏడు ఆయన లండనులో బరోడా హౌస్ అను భవనమును కొని నివాసము మార్చినాడు. 1913లో ఈడిత్ డన్ అను ఆమెను వివాహమాడినాడు. 1914లో సెలక్షన్ ట్రస్ట్ అను సంస్థను స్థాపించినాడు.

ఇచట ఒక మాట విశదము చేయవలెను. గని త్రవ్వువాడు వేరు, గనికి పెట్టుబడి కూర్చువాడు వేరు. గనిలో మొదటి రూపాయి పెట్టిననాటికి, మొదటి రూపాయి తిరిగి వచ్చిననాటికి నడుమ ఎన్నో ఏండ్లు గడచును. నేలను బెజ్జములు వేసి పరీక్షించుట, దారులు వేయుట, యంత్రములు తెచ్చుట, ఇండ్లు కట్టుట ఇవన్నియు ముందే చేయవలెను. లోపల ఖనిజము లేదని తేలినచో పెట్టినదంతయు మట్టిపాలు. ఈ సందేహమును కొనువాడు, ఓర్చుకొనువాడు, పదిమందిచేత వాటాలు కొనిపించువాడు గనుల పెట్టుబడిదారు. చాలమందికి ధనము తెలియును గాని రాయి తెలియదు. కొందరికి రాయి తెలియును గాని ధనము తెలియదు. బీటీకి రెండును తెలియును. అదియే ఆయన బలము.

ఆ బలము పూర్తిగ వెల్లడియైన చోటు ఉత్తర రొడీషియా, అనగా నేటి జాంబియా. 1902లో విలియం కాలియర్ అను అన్వేషకుడు అక్కడ రోన్ జాతి జింకను వేటాడగా, అది పడిన రాతిమీద పచ్చని రాగి చారలు కనబడినవని ఒక కథ కలదు. ఆ చోటికి రోన్ ఆంటిలోప్ అను పేరు నిలిచినది. పైపొరలలోని రాగి ఖనిజము అంత గొప్పది కాదని చాలకాలము ఎవరును దానిని పట్టించుకొనలేదు. 1920 తరువాతి ఏండ్లలో సెలక్షన్ ట్రస్ట్ ఇంజనీర్లు మరింత లోతునకు బెజ్జములు వేయగా, అడుగున గంధకముతో కూడిన రాగి ఖనిజము విస్తారముగ బయటపడినది.

ఇట్టి ఖనిజమును శుద్ధిచేయుటకు నురుగు పద్ధతి అప్పటికే వాడుకలోనికి వచ్చియున్నది. ఖనిజమును మెత్తగ నూరి, నీటిలో కలిపి, కొద్దిగ నూనె వంటి ద్రవ్యము చేర్చి, గాలి ఊదుదురు. రాగి రేణువులు నురుగునకు అంటుకొని పైకి తేలును. రాతి రేణువులు అడుగున నిలుచును. పెరుగు చిలికి వెన్న తీయుట చూచినవారికి ఈ పద్ధతిని వేరుగ బోధింపనక్కరలేదు. 1931లో రోన్ ఆంటిలోప్ గనిలో రాగి ఉత్పత్తి ఆరంభమైనది. ప్రపంచపు రాగి మార్కెట్టులో ఆ ప్రాంతము ముందువరుసకు వచ్చినది. బీటీని రాగిరాజు అని పిలువసాగినారు.

అయితే ఆ రాగి సులభముగ రాలేదు. గనియున్న లుఆంష్యా నదీతీరము చిత్తడి నేల. కూలికి వచ్చినవారు మలేరియాతోను, ఇతర జ్వరములతోను రాలిపోయినారు. ఏటిలో మహాసర్పము కాపురమున్నదని, అది మనుష్యులను కబళించుచున్నదని జనము భయపడి పారిపోయినారు. కంపెనీవారు లండనులోని రాస్ సంస్థను ఆశ్రయించినారు. 1929 నుండి సర్ మాల్కమ్ వాట్సన్ పర్యవేక్షణలో చిత్తడిని ఎండగట్టి, కాలువలు తీసి, దోమలు పెరుగు తావులను నిర్మూలించినారు. సర్పము మాయమైనది!

ఈ కథలో మనకొక చుట్టరికము కలదు. ఆ సంస్థ ఎవరి పేర వెలసినదో ఆ రోనాల్డ్ రాస్, దోమవలన మలేరియా వ్యాపించునను రహస్యమును 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో కనుగొన్నవాడే. బేగంపేటలోని ఒక గదిలో సూక్ష్మదర్శినిక్రింద కనబడిన సత్యము మూడు దశాబ్దులకు ఆఫ్రికా గనికార్మికుల ప్రాణములను కాపాడినది. కంపెనీ ఈ పనికి ధనము వ్యయించుట కేవలము దయ కాదు. కూలీలు బ్రతికియున్నగాని గని నడువదను లెక్కయు అందున్నది. కాని లెక్కవలన జరిగిన మేలును మేలు కాదనలేము.

మేలు చెప్పినప్పుడు కీడును దాచుట చరిత్రధర్మము కాదు. 1935 మే నెలలో ఆ రాగిగనుల ప్రాంతమున ఆఫ్రికా కార్మికులు సమ్మె చేసినారు. గనుల ఊళ్లలో తలపన్నును ప్రభుత్వము పెంచుట తక్షణ కారణము. తక్కువ కూలి, నాసి తిండి, పైవారి దురుసుతనము లోపలి కారణములు. మే 29వ తేదీన లుఆంష్యాలో, అనగా రోన్ ఆంటిలోప్ గనివద్ద, పోలీసులు కాల్పులు జరిపినారు. ఆరుగురు కార్మికులు మరణించినారు. తుపాకి పేల్చినది ప్రభుత్వము. పన్ను వేసినది ప్రభుత్వము. కాని ఆ గనినుండి లాభము పొందినవారిలో బీటీ ముఖ్యుడు. ఆయన గ్రంథాలయమును మెచ్చుకొనువారు ఆ ఆరుగురిని మరువరాదు.

మరియొక సంగతియు పరిశీలింపదగినది. బీటీ సంస్థలకు చెందిన కంపెనీ సియర్రా లియోన్ దేశములో వజ్రములు త్రవ్వుటకు 99 ఏండ్ల గుత్తహక్కు సంపాదించినది. ఇట్టి 99 ఏండ్ల హక్కు మన ప్రాంతమునకును తెలిసినదే. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నాడు. 1886లో నిజాము రాజ్యమునందలి ఖనిజములపై 99 ఏండ్ల హక్కును విదేశీయులైన ప్రవర్తకులు పొంది, లండనులో హైదరాబాదు దక్కన్ కంపెనీని నెలకొల్పినారు. కంపెనీ వాటాలలో అత్యధిక భాగమును సొమ్ము చెల్లింపకుండగనే వారు తమ పేర వ్రాసుకొన్నారన్న గోల బయలుదేరి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక సంఘమును నియమించి విచారణ జరిపినది. ఈ వ్యవహారమున నిజాము ప్రభుత్వపు ఉన్నతాధికారి అబ్దుల్ హఖ్ పదవి కోల్పోయినాడు. గనుల పెట్టుబడిదారులలో రాతిని నమ్మినవారు కొందరు, కాగితమును నమ్మినవారు కొందరు. బీటీ మొదటి తెగవాడు. హైదరాబాదు దక్కన్ కంపెనీ ప్రవర్తకులు రెండవ తెగవారు. వారి పేర ఒక పుస్తకశాల గాని, ఒక చిత్రశాల గాని నేడు మనకు కానరాదు.

ఇక బీటీ రెండవ విద్య సంగతి. 1914లో భార్యతో ఈజిప్టునకు పోయి, కైరో అంగళ్లలో ఖురాను వ్రాతప్రతులను చూచి ముగ్ధుడైనాడు. పిరమిడ్లకు చేరువలో ఒక ఇల్లు కొన్నాడు. 1917లో జపాను, చీనా దేశములకు పోయి చిత్రించిన కాగితపు చుట్టలను తెచ్చినాడు. ఆయన ఎన్నిక పద్ధతి గని ఇంజనీరు పద్ధతియే. గొప్పపేరును చూచి కొనడు. వస్తువును చూచి కొనును. రంగు చెడనిది, పుట చిరగనిది, పనితనము ఉత్తమమైనది కావలెను. స్వయముగ తెలియనిచోట బ్రిటిష్ మ్యూజియం పండితుల సలహా తీసికొనును. ఖనిజపు నమూనాను పరీక్షకు పంపినట్లే పుస్తకమును పండితునికడకు పంపునన్నమాట.

ఇట్లు చేరినవానిలో రెండు మూడింటిని పేర్కొందును. బాగ్దాదులో ఇబ్న్ అల్ బవ్వాబ్ అను లేఖకుడు క్రీస్తుశకము 1000 ప్రాంతమున వ్రాసిన ఖురాను ప్రతి ఒకటి. అరబ్బీ లేఖనకళలో అది మణిపూస. 1931 నవంబరులో లోకమునకు వెల్లడియైన క్రైస్తవగ్రంథముల పాపిరస్ పత్రములు మరియొకటి. వానిలో సెయింట్ పాల్ లేఖల ప్రతి సుమారు క్రీస్తుశకము 200 నాటిదని పండితులు నిర్ణయించినారు. అంతకుముందు పండితులు ఆధారపడిన ప్రధాన ప్రతులకంటె అది నూరేండ్లకు పైగ పాతది. ఈజిప్టు ఇసుక కాపాడిన ఆ తునకలు బైబిలు పాఠచరిత్రనే మార్చివేసినవి.

మన దక్కను కూడ ఆ గ్రంథాలయములో కొలువున్నది. బిజాపూరులో 1570లో సిద్ధమైన నుజూం ఉల్ ఉలూం అను సచిత్ర గ్రంథము అందు కలదు. అనగా తళ్లికోట యుద్ధము జరిగిన అయిదేండ్లకు, ఆ యుద్ధమున పాల్గొన్న మొదటి అలీ ఆదిల్‌షా కాలములో. జ్యోతిషము, మంత్రశాస్త్రము, గజాశ్వలక్షణములు, ఆయుధములు అందలి విషయములు. హిందూ ముస్లిం విజ్ఞానములు రెండును ఒకే పుటలో కలిసి కూర్చున్న గ్రంథమది. అక్బరు నామా చిత్రములలో కొన్ని, మొగలు చక్రవర్తుల చిత్రమాలికలోని కొన్ని పుటలును అక్కడనే కలవు. ఈ భారతీయ చిత్రములకు సర్ థామస్ ఆర్నల్డు, విల్కిన్సన్ కూర్చిన వివరపట్టిక 1936లో మూడు సంపుటములుగ వెలువడినది. మనదేశపు చిత్రకళను అభ్యసించువారికి నేటికిని అది ఉపయుక్తము.

దానము విషయమున ఆయన గ్రంథములకే పరిమితుడు కాలేదు. లండనులోని క్యాన్సరు ఆసుపత్రికి అనుబంధమైన పరిశోధనసంస్థకు ఆయన చేసిన సాయమునకు గుర్తుగ 1939లో దానికి చెస్టర్ బీటీ పరిశోధనసంస్థ అని నామకరణము చేసినారు. 1950 తరువాతి ఏండ్లలో క్లోరాంబుసిల్, మెల్ఫలాన్, బుసల్ఫాన్ అను క్యాన్సరు మందులు అక్కడనే రూపొందినవి. రోగి ఎవరో, దాత ఎవరో ఒకరికొకరు తెలియనవసరము లేని దానమది.

1950లో, డెబ్బదియైదేండ్ల ప్రాయమున, యుద్ధానంతర బ్రిటన్‌లోని ఆర్థిక నిబంధనలు నచ్చక బీటీ ఐర్లండునకు తరలిపోయినాడు. డబ్లిన్ నగరములో తన సేకరణకొరకు ప్రత్యేకముగ భవనము కట్టించినాడు. 1954లో దానిని ప్రజలు చూచుటకు తెరచినారు. అక్కడి జాతీయ చిత్రశాలకు తొంబదికి పైగ చిత్రములను బహూకరించినాడు. యుద్ధకాలమున చేసిన సేవకు బ్రిటన్ 1954లో ఆయనకు సర్ బిరుదమిచ్చినది. 1957లో ఐర్లండు తన మొట్టమొదటి గౌరవ పౌరుడుగ ఆయనను స్వీకరించినది. 1968 జనవరి 19వ తేదీన మాంటికార్లోలో ఆయన కన్నుమూసినాడు. ప్రభుత్వ పదవి ఏదియు నిర్వహింపని వ్యక్తికి ఐర్లండు రాజ్యలాంఛనములతో అంత్యక్రియలు జరుపుట అదియే ప్రథమము. వీలునామాలో గ్రంథాలయమును ప్రజలకొరకు ధర్మనిధికి అప్పగించినాడు. 2000లో అది డబ్లిన్ కోట ఆవరణలోనికి మారినది. ప్రవేశమునకు రుసుము లేదు.

1968 అనగానే హైదరాబాదీయులకు మరియొక సంగతి స్ఫురింపవలెను. మూడవ సాలార్జంగు జీవితమంతయు వెచ్చించి సేకరించిన కళావస్తువులు 1951లో దివాన్ దేవిడీలో ప్రజలకు చూపబడి, 1968లోనే మూసీ యొడ్డున కొత్త భవనమునకు మారినవి. సాలార్జంగు ధనము జాగీరులది. బీటీ ధనము గనులది. ఒకటి నేలపైని రైతు చెమట, రెండవది నేలలోపలి కూలివాని చెమట. ఇద్దరును దానిని అందముగ మార్చి ప్రజలకు వదలిపోయినారు. అందమును చూచి ఆనందించునప్పుడు చెమటను స్మరించుట చూపరుల వంతు.

బీటీని ఎట్లు తూచవలెను? దాతయని ఆకసమునకెత్తుట సులభము. దోపిడిదారని త్రోసివేయుట అంతకంటె సులభము. ఆయన సంపాదనలో లుఆంష్యా కార్మికుల ఊపిరి కలదు. ఆ ఊపిరి విలువ వారికి పూర్తిగ ముట్టలేదు. ఆయన దానము చేరినది డబ్లినుకు, లండనుకు. రాగి పుట్టిన చోటికి కాదు. అయినను, అదే కాలమున గనులలో ఆయనంతటి ధనము గడించి, ఏమియు మిగుల్చక పోయినవారు ఎందరో కలరు. ఆయన కాపాడినందుననే వేయేండ్ల ఖురాను, పద్దెనిమిది వందల ఏండ్ల పాపిరస్, బిజాపూరు జ్యోతిషగ్రంథము ఒకే కప్పుక్రింద నిలిచి, దారిని పోవు బాటసారికి సైతము దర్శనమిచ్చుచున్నవి. ఈ రెండు లెక్కలును నిజమే. ఒకదానిచే ఒకటి కొట్టివేయబడదు.

జాంబియా స్వతంత్రమైన పిమ్మట, 1969లో, అక్కడి ప్రభుత్వము రాగిగనులలో 51 శాతము వాటా తీసికొనుటకు నిర్ణయించినది. మన సింగరేణి మరియొక మార్గమున అచటికే చేరినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను తీసికొన్నది. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలు కొన్నది. నేడు 51 శాతము తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతము కేంద్రానిది. అనగా ఇచట బీటీ వంటి దాతకొరకు ఎదురుచూడవలసిన అవసరము లేదు. గని యజమానులు ప్రజలే అయినప్పుడు దానమన్న మాట చెల్లదు. ఉన్నది బాధ్యత మాత్రమే.

బొగ్గు అక్షయపాత్ర కాదు. ఇల్లెందులో మొదట త్రవ్విన బాయిలలో నేడు బొగ్గు లేదు, ఊరు ఉన్నది. రాగియైనను, బొగ్గైనను, వజ్రమైనను, నేల ఒకసారి ఇచ్చినదానిని మరల ఇవ్వదు. ఆ ఒక్కసారి వచ్చినదానిని బడిగ, ఆసుపత్రిగ, గ్రంథాలయముగ, కార్మికుని ఊపిరితిత్తుల రక్షణగ మార్చగలిగిననాడు గని మూతపడినను దాని ఫలము మిగులును. ఆ మార్పు తన ఒక్కని అభిరుచి మేరకు చెస్టర్ బీటీ చేసినాడు. అందరి అవసరము మేరకు దానిని చేయుట గనులున్న ఊళ్లవారి ముందున్న పని.